ముందురోజు ఇంటికి వచ్చే వక్త

మా బావ పోయాడన్న కబురు నాకు మా అక్క కంటే ముందు మైకుసెట్టు ఆయన చెప్పాడు. పొద్దున్నే ఆఫీసులో టైపు మిషను మీద కప్పిన గుడ్డ తీస్తున్నాను. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చి, "అమ్మా, మీ బావగారు తెల్లారగట్ల ఎలిపోనారు. పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చీసినారు. సంతాప సభకి మైకు నానే కడతాను, ఇంకెవుర్నీ పిలవొద్దని అక్కకి సెప్పండి" అన్నాడు. మనిషి ఇంకా ఇంటి అరుగు మీదే ఉన్నాడు, సభ మాత్రం ఖాయమైపోయింది. బావ వింటే మెచ్చుకునేవాడు. ఊళ్ళో ఏ కబురైనా పెద్దమనుషుల కంటే ముందు మైకుసెట్టు వాళ్ళకే తెలుస్తుందని కనిపెట్టిన మనిషి తనే.

సభ బాగానే జరిగింది. క్లబ్బు వాళ్ళొచ్చారు, యూనియన్ల వాళ్ళొచ్చారు, ఉక్కునగరం నుంచి జీపుల్లో ఆఫీసర్లొచ్చారు. అందరూ బావ గొంతు గురించే మాట్లాడారు. నన్ను కూడా రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. పదేళ్ళ కిందట ఎవరైనా ఆ మాట అని ఉంటే ఎగిరి గంతేసి స్టేజీ ఎక్కేదాన్ని. ఇప్పుడు ఎక్కితే జరిగింది చెప్పాలి. మా అక్క ముందు వరసలో కూర్చుని ఉంది. ఆ ముఖం చూస్తూ చెప్పలేక, చదివే మీకు చెప్పుకుంటున్నాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. బావని నేను ఎప్పుడూ 'నువ్వు' అనే పిలిచాను. అక్క పెళ్ళిలో చెప్పులు దాచి, పాట పాడితేగాని ఇవ్వనని మొండికేసిన మరదల్ని. తను పాట పాడకుండా పది నిమిషాలు ఉపన్యాసమిచ్చి చెప్పులు పట్టుకెళ్ళాడు. పోయాడు కదా అని ఇప్పుడు 'గారు' తగిలించడం నాకు చేతకాదు. పైగా కోపం ఇంకా తీరలేదు.

డెబ్బైల మొదట్లో బావ వన్ టౌన్‌లో ఒక షిప్పింగు ఏజెంటు దగ్గర గుమస్తా. నేను టైపు హయ్యరు పాసై, అదే వీధి చివర ఆఫీసులో ఉద్యోగం దొరికి, అక్కా వాళ్ళింట్లో దిగాను. రెండు గదుల ఇల్లు. పోర్టు నుంచి ఖనిజం ధూళి వచ్చి ఆరేసిన బట్టల మీద ఎర్రగా వాలేది. అక్క ప్రతి సాయంత్రం బట్టలు దులుపుతూ పోర్టుని తిట్టేది. బావ ఆ తిట్లని వరసలో పెట్టి, గొంతు మార్చి, సభలో చదివినట్టు మళ్ళీ అప్పజెప్పేవాడు. నవ్వలేక చచ్చేవాళ్ళం.

తను వక్త కావడం కూడా అనుకోకుండానే జరిగింది. వాళ్ళ ఆఫీసులో అటెండరు రిటైరయ్యాడు. సభ పెట్టారు, దండ తెచ్చారు, రావలసిన పెద్దమనిషి రాలేదు. మైకు ఊరికే గుర్రుమంటోంది. ఎవరో బావని ముందుకు తోశారు. తను ముందురోజే కుర్చీల ఏర్పాటు సంగతి అడగడానికని ఆ అటెండరు ఇంటికి వెళ్ళి వచ్చాడట. అక్కడ చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ అటెండరు రోజూ ఇంటి నుంచి ఆఫీసు గేటు దాకా చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడట, గేటు దగ్గర తొడుక్కునేవాడట. ఆఫీసులో అరిగిపోయిన చెప్పులతో కనిపించకూడదని. ఆ మాట ఆయన భార్య చెప్పిందట. సభలో ఉన్నవాళ్ళందరూ తమ చెప్పుల వంక చూసుకున్నారని బావ తర్వాత చెప్పేవాడు. అటెండరు మాత్రం లేచి వచ్చి బావని కౌగలించుకుని ఏడ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడ టీలు అందించిన మనిషి ఎవరో ఆ ఆఫీసుకి ఆ సాయంత్రమే తెలిసింది.

వారం తిరక్కుండా పక్క ఆఫీసు వాళ్ళు పిలిచారు. తర్వాత పోర్టు వర్క్‌షాపు వాళ్ళు. ఏడాదికల్లా బావ కార్డులు అచ్చు వేయించాడు. ఆ కార్డు కోసం ప్రెస్సులో మూడు ఆదివారాలు కూర్చున్నాం. పేరు కింద ఏం వేయాలో తెగలేదు. 'ఉపన్యాసకులు' అంటే కాలేజీ వాళ్ళనుకుంటారు, 'సభా నిర్వాహకులు' అంటే షామియానా వాళ్ళనుకుంటారు. చివరికి నేనే ఒక వాక్యం చెప్పాను: 'ముందురోజు మీ ఇంటికి వచ్చి, మర్నాడు మీ గురించి మాట్లాడతాను.' బావ చిన్నపిల్లని మెచ్చుకున్నట్టు నన్ను చూసి, "నీకెంత తెలివే గుంటా!" అన్నాడు. ఆ వాక్యమే తన వ్యాపారానికి గుర్తు అయింది. సభలో లేవగానే మొదటి మాట కూడా అదే: "నిన్న వీరింటికి వెళ్ళి వచ్చాను." జనం ఆ మాట కోసం ఎదురుచూసి చప్పట్లు కొట్టేవాళ్ళు.

మిగతా వ్యాపారమంతా ఆదివారం పొద్దున్న జరిగేది. తెల్ల ఫుల్‌షర్టు వేసుకుని, మెరూన్ రంగు ఉత్తరీయం భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఏ కాలమైనా అదే వేషం. ముందు మైకుసెట్టు దుకాణం, తర్వాత పూర్ణా మార్కెట్‌లో దండలు కట్టే ఆవిడ, ఆ తర్వాత ఫోటో స్టూడియో. ఎవరింట్లో పిల్లకి జ్వరం తగ్గిందో, ఎవరి తమ్ముడికి బోటు మీద పని దొరికిందో అన్నీ అడిగేవాడు. "ఆఫీసర్ని పట్టుకుంటే ఒక సభే దొరుకుతాది మరదలా, దండలావిడ్ని పలకరిస్తే ఊళ్ళో ఎన్ని మెడలున్నాయో అన్నీ తెలుస్తాయి" అనేవాడు. ఊరికే అవసరం కోసం అడిగాడని చెప్పలేను. దండలావిడ కొడుకు తప్పిపోయిన రోజు రెండు ఆఫీసుల సభలు మానేసి వీధులన్నీ తిరిగాడు. ఈ మాట రాయకపోతే నేను అబద్ధం రాసినట్టే.

ఎలా అడగాలో నాకు నేర్పింది కూడా తనే. రిటైరయ్యే వాళ్ళ ఇళ్ళకి నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. ఆడవాళ్ళు నాతో చనువుగా మాట్లాడతారని. "ఉద్యోగం సంగతి ఆఫీసరు సెప్తాడు. మనం ఇల్లు సెప్పాల. ఎంత మంచోడని అడక్కు, పొద్దున్న లేచి మొదట ఏటి సేత్తాడో అడుగు" అనేవాడు. అలా అడిగి అడిగి నేను ఈ ఊరిని తెలుసుకున్నాను. ఈరోజుకీ ఎవరింటికైనా వెళితే నా కళ్ళు ముందు వంటింటి గడప మీదకి పోతాయి, అక్కడ ఎవరు ఎక్కువ ఆనుకుని నిలబడతారో గోడ మీద అరిగిన సున్నం చెప్పేస్తుంది. అది తను పెట్టిన భిక్ష. కాదనను.

నాకూ మాట్లాడాలని ఉండేది. అక్క నిద్రపోయాక గరిటె పట్టుకుని వంటింట్లో సాధన చేసిన రోజులున్నాయి. "వచ్చే ఏడాది నిన్ను ఎక్కిస్తాను, కార్డు మీద నీ పేరు కూడా ఏయిస్తాను" అనేవాడు బావ. ఆ వచ్చే ఏడాది ప్రతి ఏడాదీ ముందుకి జరిగేది. ఆడపిల్లవి కదా, పెళ్ళి కావలసినదానివి కదా అని ఒకసారి, ముందు మీ ఆఫీసు వాళ్ళనడగాలని ఒకసారి. నేను నమ్మాను. మొద్దు మొహాన్ని.

డెబ్బైల చివర్లో ఉక్కు ఫ్యాక్టరీ పనుల్లో కదలిక వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు దిగారు. బావ ఒక క్లబ్బులో చేరాడు. హిందీ నేర్చుకున్నాడు, ఇంగ్లీషు ముక్కలు కంఠతా పట్టాడు. సేఫ్టీ వారోత్సవాల్లో మాట్లాడమని, కొత్త బ్రాంచీ తెరుస్తున్నాం రమ్మని పిలుపులు వచ్చాయి. గుమస్తా ఉద్యోగం మానేశాడు. టెలిఫోను పెట్టించాడు. మంచిదే, కష్టపడ్డాడు, పైకొచ్చాడు. అయితే క్లబ్బు సాయంత్రం ఆరింటికి. పోర్టు కూలీ, క్రేను డ్రైవరు ఇంట్లో దొరికేదీ సాయంత్రం ఆరింటికే.

"మరదలా, ఈ ఒక్కసారికీ నువ్వెల్లి రాసుకొచ్చీ" అన్నాడు ఒకరోజు.

ఈ ఒక్కసారి నాలుగేళ్ళు సాగింది. ఆఫీసు నుంచి నేరుగా వాళ్ళ ఇళ్ళకి వెళ్ళేదాన్ని. వచ్చి, ఒక్కొక్కరి సంగతులు పల్చటి కాగితం మీద టైపు చేసి ఇచ్చేదాన్ని. కాగితం మీద పేరు ఉండకూడదని బావ నియమం. పేరు రాసి ఉన్న కాగితం ఎవరి కంటైనా పడితే, అద్దె మాటలని తెలిసిపోతుందట. సభలో మాత్రం లేచి, "నిన్న వీరింటికి వెళ్ళి వచ్చాను" అనే అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు నేను వెనక వరసలో కూర్చుని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. భలే టోపీ వేశాడనిపించింది. ఆ రోజు నవ్వానన్న సంగతి దాచుకోవడం నాకిష్టం లేదు. ఆ ఇళ్ళవాళ్ళు కూడా పట్టించుకునేవాళ్ళు కాదు. "మీ మనిషి వచ్చింది గదా బాబూ, తమరొచ్చినట్టే" అనేవాళ్ళు. పేదవాళ్ళు ఎంత తొందరగా సర్దుకుంటారో బావకి బాగా తెలుసు.

ఇక ఆ సభ సంగతి.

ఒకే సాయంత్రం రెండు సభలు పడ్డాయి. ఒకటి పోర్టులో సరుకు లెక్క చూసే గుమస్తాది. ఆయన భార్య పిల్లల చిన్నప్పుడే పోయింది, ముగ్గుర్ని తనే వండిపెట్టి పెంచాడు. రెండోది ఒక క్రేను డ్రైవరుది. రెండిళ్ళకీ ముందురోజు నేనే వెళ్ళాను.

క్రేను డ్రైవరు ఇంట్లో లేడు, డ్యూటీలో ఉన్నాడు. భార్య ఉంది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, చేపల పులుసుతో అన్నం పెట్టి గాని కబుర్లు మొదలెట్టలేదు. పొద్దున్న లేచి మొదట ఏం చేస్తాడని అడిగాను. ఆవిడ సిగ్గుపడి నవ్వింది.

"పస్టు సిప్టుకెళ్ళిన రోజు నాలుగ్గంటలకే లేసీస్తాడమ్మా. నన్ను లేపడు. టీ ఆయనే కాసుకుంటాడు. నాకో గలాసులో పోసి, పైన మూతెట్టి ఎలిపోతాడు. నాను లేసేసరికి సల్లగా రాయిలాగుంటాది. ముప్పయ్యేళ్ళూ ఆ సల్ల టీయే తాగినాను. వొక్కనాడూ సెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే మానేత్తాడేమోనని" అంది. నా గ్లాసులో నీళ్ళు పోస్తూ, "ఇది రేపు మీటింగులో సెప్పించమ్మా. ఆయనకి తెలాల. నా నోటితో సెప్పలేను, సిగ్గు" అంది.

ఎంతమంది ఇళ్ళకో వెళ్ళాను గాని, ఇది సభలో చెప్పించు అని నోరు తెరిచి అడిగినది ఆవిడొక్కతే. ఆ రాత్రి ఆ కాగితాన్ని రెండుసార్లు టైపు చేశాను, ఒక్క తప్పు కూడా ఉండకూడదని. మర్నాడు బావకి ఇస్తూ చెప్పాను: "ముందు గుమస్తా సభ కదా, ఆ కాగితం పై జేబులో పెట్టుకో. రెండోది క్రేను డ్రైవరుది, పక్క జేబులో పెట్టుకో. ఇది మాత్రం ఒకసారి చదువుకో బావా, ఆవిడ ప్రత్యేకంగా చెప్పమంది." "అలాగేలే" అని ఉత్తరీయం సర్దుకున్నాడు.

మధ్యాహ్నం క్లబ్బులో ముఖ్య అతిథి దొరికాడట. ఉక్కు ఫ్యాక్టరీ పనులు చూసే పెద్ద ఆఫీసరు. ఆయనకి వేరే పని ఉందని, క్రేను డ్రైవరు సభ ముందుకి జరిపారు. జరపమన్నది బావే. నాకు టెలిఫోను చేసి సభకి తొందరగా రమ్మన్నాడు గాని, జేబుల సంగతి తనకి గుర్తులేదు, కాగితం చదవనూ లేదు. కారులో దారి పొడుగునా ఆ ఆఫీసరుతో మాట్లాడుతూనే వచ్చాడు.

హాలు నిండా జనం. క్రేను డ్రైవరు మెడలో బంతిపూల దండతో కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆవిడ ముందు వరసలో, జరీ అంచు చీరలో. నన్ను చూసి పక్క కుర్చీ మీద చెయ్యి తట్టి కూర్చోమంది. బావ లేచాడు.

"నిన్న వీరింటికి వెళ్ళి వచ్చాను" అన్నాడు. చప్పట్లు.

పై జేబులో కాగితం తీసి ఒక చూపు చూసి మడిచేశాడు. ఎప్పుడూ అంతే, ఒక్క చూపు చాలు తనకి. గొంతు తగ్గించాడు. "ఈ మనిషి పొద్దున్నే లేచి మొదట పొయ్యి వెలిగిస్తాడు. ఎందుకంటే ఆ ఇంట్లో వెలిగించే ఇల్లాలు లేదు. ఎప్పుడో ఆ మహాతల్లి ఈయన్ని ఒంటరిని చేసి వెళ్ళిపోయింది..."

నా పక్కన ఆవిడ ఊపిరి పీల్చడం వినిపించింది. వెనక నుంచి ఎవరో, "ఓర్నాయనో, ఆయమ్మ అదిగో కూకుంది గదా!" అని అరిచారు. హాలంతా ఒక్కసారి కలకలం.

బావ ఆగాడు. రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో తనేం లెక్క వేసుకున్నాడో నాకు తెలుసు. కాగితం మారిందని చెప్పవచ్చు. చెబితే కాగితం ఎవరిదో చెప్పాలి. ఆ ఇంటికి తను వెళ్ళలేదని చెప్పాలి. ముఖ్య అతిథి పక్కనే ఉన్నాడు. బావ నవ్వాడు. క్రేను డ్రైవరు వైపు తిరిగి, వేలు ఆడిస్తూ, "ఏమయ్యా, నిన్న నువ్వే కదా నాతో ఇలా చెప్పావు! ఇంటికెళ్ళాక వదినగారికి సమాధానం చెప్పుకో మరి!" అన్నాడు.

జనం విరగబడి నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వాడు.

ఆ మనిషి బావని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. నిన్న చూసే వీలే లేదు, డ్యూటీలో ఉన్నాడు. బావ ముఖం చూశాడు, ఆఫీసరు ముఖం చూశాడు. ముప్పై ఏళ్ళు పైవాళ్ళ మాటకి తల ఊపిన మనిషి. కుర్చీలోంచి సగం లేచి చేతులు జోడించి, "అవును బాబూ. నానే సెప్పాను" అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగి చూసింది. నేను లేచి నిలబడి, ఆ ఇంటికి వెళ్ళింది నేను, ఆ కాగితం రాసింది నేను, ఇతను అబద్ధమాడుతున్నాడు అని అరవవలసిన సమయం అది. అన్నేళ్ళు గరిటె పట్టుకుని సాధన చేసిన నోరు పెగల్లేదు. చీర కుచ్చెళ్ళు పట్టుకుని కూర్చున్నాను. బావ మీద నాకున్న కోపంలో సగం ఆ కూర్చోవడం మీద కోపమే.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"ఇంటికొచ్చి మెళ్ళో దండ తియ్యనేదమ్మా. అలగే కూకున్నాడు. నలుగుర్లో నువ్వు సచ్చిపోనావని వొప్పుకొని వొచ్చీసినాను, నానేం మొగోణ్ణి అన్నాడు. మీ బావని వొక్కపాలి రమ్మను. తప్పయిపోనాదని ఆయనతో సెప్పమను. నాకొద్దు, ఆయనకి సెప్పమను. అంతే."

ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. బావ భోజనం చేస్తున్నాడు. చెప్పాను. తను కంచం వంకే చూస్తూ అన్నాడు, "ఎల్తే వొప్పుకున్నట్టే గదే. ఈ ఊళ్ళో మాట ఎంత బేగి పాకుతాదో నీకు తెల్దా? రేపు మైకుసెట్టోడు నన్ను సూసి నవ్వుతాడు."

"అయితే నవ్వనీ."

"పదేళ్ళు కష్టపడి కట్టుకున్న పేరది. కార్డు మీద మాట నీదే గదా. నువ్వే తుడిపేత్తావా?"

"ఆ మాట నువ్వెప్పుడో తుడిపేశావు బావా. నిన్ను స్టేజీ మీద చూస్తుంటే నాకు రోత పుడుతోంది" అన్నాను. అక్క వంటింట్లోంచి వచ్చి నా భుజం పట్టుకుంది. ఆ రోజు నాకు ఇంకోటి కూడా అర్థమైంది. నన్ను స్టేజీ ఎందుకు ఎక్కించలేదో. నేను ఎక్కితే ఆ ఇళ్ళవాళ్ళు, అదిగో మా ఇంటికి వచ్చిన పిల్ల అని చూపించేవాళ్ళు.

వారంలో అల్లిపురంలో గది తీసుకుని వెళ్ళిపోయాను. బావ లేనప్పుడు అక్కని చూసి వచ్చేదాన్ని. తన వ్యాపారానికి ఏ ఢోకా రాలేదు. పైగా ఆ సభ కథ, బావ ఎంత సమయస్ఫూర్తి గలవాడో చెప్పడానికి క్లబ్బులో బాగా పనికొచ్చిందట. ఉక్కునగరం క్వార్టర్లలో జనం చేరుతున్నకొద్దీ సభలు పెరిగాయి. ప్రతి జనవరికీ అందరితోపాటు నాకూ పోస్టులో గ్రీటింగు కార్డు వచ్చేది. ఒకే ఊళ్ళో, సొంత మరదలికి! తెరవకుండా పొయ్యిలో పెట్టేదాన్ని.

కిందటేడు తన గొంతులో పుండు లేచింది. ఆపరేషను చేసి మాట వచ్చే భాగమంతా తీసేశారు. అక్క కబురు పెడితే వెళ్ళాను. మెడకి గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. తను పక్కనున్న పుస్తకంలో పెన్సిలుతో రాసి చూపించాడు: 'క్రేను డ్రైవరు ఇంటికి తీసుకెళ్ళు.'

ఆరేళ్ళకి గుర్తొచ్చిందా అనబోయాను. అక్క ముఖం చూసి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున్న రిక్షాలో వెళ్ళాం. ఆవిడే తలుపు తీసింది. నుదుట బొట్టు లేదు. బావని ఎగాదిగా చూసింది, ఆ తెల్ల చొక్కా, భుజాన ఉత్తరీయం.

"ఇప్పుడొచ్చావా?" అంది. "నన్ను సంపీసినావు గదా మీటింగులో. సూడు, నానున్నాను. ఆయనే ఎలిపోనాడు. పోయినేడు."

బావ చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి. ఆవిడకి అర్థం కాలేదు. మాట పోయిందని నేను చెప్పాను. ఆవిడ చాలాసేపు బావ మెడకున్న గుడ్డ వంక చూసింది. అయ్యో అనలేదు. లోపలికి వెళ్ళి పీట తెచ్చి వేసి, "కూకో" అంది.

బావ కూర్చున్నాడు.

"ఆ రోజు నుంచీ ఏటి సేసీవోడో తెల్సా? సిప్టు నేదు, డూటీ నేదు, అయినా నాలుగ్గంటలకే లేసీవోడు. టీ కాసి నన్ను లేపీవోడు. కళ్ళు తెరిసీ దాకా భుజం కుదిపీవోడు. బతికున్నానో నేదో సూసుకోడానికి. ఏడి ఏడి టీ. ఆ సల్ల టీ సంగతి ఆయనకి తెలీకుండానే పోయినాడు. నాకూ నోరు రానేదు." ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. "రాసుకో" అంది.

బావ నా వంక చూశాడు. పుస్తకం తీశాడు.

ఆవిడ చెబుతూ పోయింది. పెళ్ళైన కొత్తలో ఆయన నడిచివచ్చిన ఊరు, క్రేను మీద మొదటిరోజు కళ్ళు తిరిగి దిగిపోయిన సంగతి, బిడ్డ పోయినప్పుడు ఎవరికీ కనబడకుండా క్రేను మీదే కూర్చుని ఏడ్చిన సంగతి. బావ తల ఎత్తకుండా రాశాడు. తను ఒక ఇంట్లో కూర్చుని వినడం చూసి ఎన్నేళ్ళయిందో! ఎంత బాగా వినేవాడు ఈ మనిషి! నేను ఆ పాత బావనే చూస్తున్నాననిపించి కళ్ళు మండాయి. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే గుమ్మంలో చేరారు.

"అయిపోనాది. సదువు" అంది ఆవిడ.

బావ పుస్తకం పట్టుకుని లేచి నిలబడ్డాడు. అలవాటుగా ఉత్తరీయం సర్దుకున్నాడు. అంతలో గుర్తొచ్చినట్టుంది, అలాగే నిలబడిపోయాడు. పుస్తకం నా చేతికిచ్చాడు.

నా జీవితంలో మొదటి ఉపన్యాసం అది. మైకు లేదు, దండ లేదు. వినవలసిన మనిషీ లేడు. ఒక్కొక్క మాటే చదివాను. ఆయన క్రేను నడిపింది కుడిచేత్తో అని చదివితే, "కాదు, ఎడమ" అని ఆవిడ సరిచేసింది. సరిచేసి చదివాను. ఆవిడ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వింటోంది. మధ్యలో ఒకసారి తల ఎత్తి బావ వైపు చూశాను. తను పీట పక్కన నిలబడే ఉన్నాడు. నేను చదువుతున్న ప్రతి మాటకీ తన పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేకుండా.